ముగింపుకు అయిదు మార్కులు

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఆ టీచరమ్మను పిల్లలు చాటుగా గడుల మేడమ్ అంటారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మడతపెట్టిన తువ్వాలు మీద మౌస్ ఆనించుకుని, వ్యాసం పక్కనే తెరుచుకునే మార్కుల పట్టికలో ఒక్కో గడినీ "ఉంది... లేదు... ఉంది" అని గొణుక్కుంటూ నొక్కుతుంది. కూడిక కంప్యూటరే చేసుకుంటుంది. "బియ్యంలో రాళ్లేరుతున్నట్టుందే నీ పని," అని అత్తగారు వేళాకోళమాడితే, "నా ఇష్టానికి వేస్తే పక్షపాతం అంటారత్తయ్యా," అంటుంది.

మొన్న 'మా ఇల్లు' వ్యాసంలో ఒకమ్మాయి, వాళ్ల నాన్న గొడవపడి వెళ్లిపోయిన సంగతి రాసింది. ఆయన వదిలేసిన చెప్పులు రోజూ తుడిచి గుమ్మం దగ్గర పెడుతోందట. "నాన్న ఇంకా రాలేదు" అన్నదే ఆఖరి వాక్యం. మేడమ్ ఆ వాక్యాన్ని రెండోసారి చదివింది. వేలు మాత్రం ఆగలేదు. "ముగింపు లేదు, సున్నా. సరిచేసి మళ్లీ పంపు," అని పెట్టేసింది. మర్నాడు వ్యాసం తిరిగొచ్చింది. నాన్న వచ్చాడు, అందరూ కలిసి భోంచేశారు, కష్టాలన్నీ తీరాయి. మేడమ్ ప్రాణం కుదుటపడింది. ముగింపుకు అయిదుకు అయిదూ వేసి, "నాన్నగారు వచ్చేశారుగా, సంతోషం తల్లీ," అని రాసింది. క్షణంలో జవాబొచ్చింది: "రాలేదు మేడమ్. మార్కులు పోతాయని అలా రాశాను." వేసిన అయిదింటినీ వెనక్కి తీసుకుందామని ఆవిడ పట్టికంతా వెతికింది. తగ్గించడానికి ఏ గడిలోనూ కారణం దొరకలేదు.