నా పేరు మీద టైగరు జబ్బు

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు రెండే భయాలుండేవి. ఒకటి గేదె తంతుందని, రెండోది మనుషులు నవ్వుతారని. గేదెలు ఎక్కువ తన్నలేదు. నిజాంపట్నం వైపు ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పోస్టింగు, ఇరవై నాలుగేళ్ళ వయసు. ఒకచోట కుదురుగా కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. మందు వేసిన పశువు లేచిందో లేదో చూడడానికి రోజుకు మూడుసార్లు సైకిలేసుకుని వెళ్ళేవాణ్ణి. (రైతులు అది శ్రద్ధ అనుకునేవారు. భయమని నాకొక్కడికే తెలుసు.)

ఆ ఊళ్ళో ఒంటరిగా ఉండే ఒక మామ్మగారికి టైగరు అనే కుక్క ఉండేది. ఆవిడ చర్చికి వెళ్తే అది గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులకు కాపలా కాసేది. వారం రోజులుగా తిండి మానేసిందని కబురొస్తే వెళ్ళాను. ఒళ్ళు కాలిపోతోంది, చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి, చెవుల నిండా పిడుదులు. ఎడమ డొక్క కింద చెయ్యి పెడితే ప్లీహం (పల్లెల్లో బల్ల అంటారు) గట్టిగా, ఉండాల్సినదానికి రెండింతలు తగిలింది. పిడుదులు కుట్టి రక్తంలోకి ఎక్కించే పురుగు పనేనని నా అనుమానం. ఆ మాట చెప్పేలోపే మామ్మగారు, "బల్ల పెరిగింది నాయనా. రేపు సాయంత్రం కొడవలి కాల్చి వాత పెడతాను" అన్నారు. ఈ నీరసంలో వాత పెడితే చచ్చిపోతుందండీ అన్నాను. "మా పెద్దోడికి చిన్నప్పుడు బల్లొస్తే నేనే పెట్టాను. ఇప్పుడు బాపట్లలో టీచరు" అన్నారావిడ. అనుమానం మీదే సూది పొడుద్దామంటే నా దగ్గరున్నది ఆవుల మందు, కుక్క విషయంలో తేడా వస్తే ప్రాణం పోతుంది. అందుకని, "రేపు సాయంత్రం చర్చి గంట కొట్టేదాకా ఆగండి మామ్మగారూ, రక్తం పరీక్ష చేయించుకొస్తాను" అని బతిమాలాను.

మా ఆస్పత్రికి మైక్రోస్కోపు ఇంకా రాలేదు. టైగరు చెవి కొసనుంచి రక్తపు చుక్క గాజుపలక మీద పూసి, రుమాల్లో చుట్టుకుని, మర్నాడు పొద్దున్నే రేపల్లె బస్సెక్కాను. అక్కణ్ణుంచి తెనాలి రైలు. ఆ రైలు ప్రతి స్టేషన్లోనూ ఆగింది, స్టేషన్ లేనిచోట కూడా ఆగింది. నేను తలుపు దగ్గరకి, సీటు దగ్గరకి తిరుగుతూనే ఉన్నాను. తెనాలిలో దొరికింది మనుషుల ల్యాబు. అక్కడి పెద్దాయన రిజిస్టరు తెరిచి, "పేషెంటు పేరు?" అన్నాడు. కుక్కంటే పలక కూడా ముట్టుకోడేమోనని కంగారుపడి నా పేరే చెప్పేశాను. "వయసు?" "మూడు" అన్నాను. ఆయన తలెత్తాక, "ఇరవై నాలుగండి" అని దిద్దుకున్నాను.

ఆయన మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, తర్వాత నన్ను చూశాడు. "ఇంత పురుగుని రక్తంలో పెట్టుకుని రైల్లో ఎలా వచ్చావయ్యా? ఇలాంటి మలేరియా నేనెప్పుడూ చూళ్ళేదు" అంటూ నన్ను బెంచీ మీద పడుకోబెట్టి ఎడమ డొక్క నొక్కాడు. "బల్ల కూడా దిగింది" అన్నాడు. (అక్కడ ఉన్నవి పొద్దున తిన్న ఇడ్లీలు.) నేను లేచి మైక్రోస్కోపులో చూశాను. ఎర్రకణాల్లో జంటలు జంటలుగా బేరిపండు ఆకారాలు, అచ్చం పుస్తకంలో బొమ్మలాగే. ఆనందం పట్టలేక నవ్వేశాను. రోగం చూసి నవ్వే రోగిని ఆయన కొత్తగా చూస్తున్నాడు. "ఇది కుక్క రక్తమండి" అని నిజం చెప్పేశాను. "జ్వరం తలకెక్కింది" అని నా మణికట్టు గట్టిగా పట్టుకుని డాక్టరుకు కబురు పంపాడు. రైలు టైమవుతోంది. ఆయన రాసిపెట్టిన రిపోర్టు లాక్కుని, చెయ్యి విడిపించుకుని, స్టేషన్ దాకా పరిగెత్తాను.

ఊళ్ళో బస్సు దిగేసరికి చర్చి గంట కొట్టి అరగంటయింది. మామ్మగారి వాకిట్లో టైగరు కట్టేసి ఉంది, పొయ్యిలో కొడవలి ఎర్రగా ఉంది. "గంట కొట్టాక ఒకసారి చల్లార్చాను, మళ్ళీ కాల్చాను. వస్తానన్నావు కదా" అన్నారావిడ. ఆవుల మందే కుక్క బరువుకు లెక్కగట్టి పొడిచాను. నాలుగో రోజుకు టైగరు గంజి తాగింది. ఇరవై రోజులకు ప్లీహం లోపలికి సర్దుకుంది, టైగరు మళ్ళీ చెప్పుల కాపలాకు వెళ్ళింది.

కంగారులో రిపోర్టు మాత్రం వాళ్ళింట్లోనే వదిలేశాను. బాపట్ల టీచరు శనివారం వచ్చి దాన్ని తల్లికి చదివి వినిపించాడట. పేషెంటు నేను, రోగం టైగరుది. ఆవిడకు అర్థమైంది ఒక్కటే: ఈ డాక్టరు బాబు కుక్క జబ్బుని తన పేరు మీద రాయించుకుని, తన ఒంట్లోకి తెచ్చుకున్నాడు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి నా బల్ల తగ్గాలని ప్రార్థన చేయించారు. ఊరంతా కళ్ళు మూసుకుంది. నిజం చెబితే నవ్వుతారని నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా ఆవిడ నా ఎడమ డొక్క మీద చెయ్యేసి, "తగ్గిందా నాయనా?" అనేవారు. "తగ్గిందండి" అనేవాణ్ణి. బదిలీ అయి బస్సెక్కిన రోజు కూడా అలాగే అడిగారు, పక్కన టైగరు తోకాడిస్తూ నిలబడింది.

ఆవిడిప్పుడు లేరు. మైక్రోస్కోపులేం ఖర్మ, స్కానింగు మిషన్లు కూడా వచ్చాయి. నా పొట్ట నిజంగానే పెరిగింది. ఇంట్లోవాళ్ళు దాన్ని చూసి నవ్వుతారే తప్ప, చెయ్యేసి అడిగేవాళ్ళు లేరు. ఒక్కోసారి అద్దం ముందు నిలబడి నేనే ఎడమ డొక్క మీద చెయ్యేసుకుంటాను. తగ్గలేదు మామ్మగారూ.