లోపం ముందు చెప్పే పెద్దమ్మ

మా ఆఫీసు పక్కింటి పెద్దమ్మ పోయిన మంగళవారం తెల్లవారేసరికి కన్నుమూసింది. వాళ్ళ కోడలు ఏడుస్తూ వచ్చి, "మీ ఆఫీసోళ్ళకు నువ్వే చెప్పక్కా, నాతో కాదు" అంది. నేను ఫోను తీసుకుని మా వాళ్ళకు ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోయాను. నేను ఫోను చేసినవాళ్ళలో చాలామందిని మా కంపెనీకి తెచ్చింది ఆవిడే అని అప్పుడు గానీ నాకు సరిగ్గా తట్టలేదు.

పెద్దమ్మ నాకు రక్తసంబంధం కాదు. కడపలో మా ఆఫీసుకూ ఆవిడ ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆవిడ పెళ్ళి సంబంధాలు కుదిర్చే మనిషి. ఇటు రాయచోటి నుంచి అటు ఆత్మకూరు దాకా ఏ ఇంట్లో పెళ్ళీడు పిల్లలున్నారో, ఏ మేనమామ అలిగి కూర్చున్నాడో ఆవిడకు తెలుసు. డబ్బు తీసుకునేది కాదు. పెళ్ళయ్యాక పెట్టిన చీర రంగు బాగాలేకపోతే మాత్రం ఏడాది పాటు ఆ ఇంటివాళ్ళను దెప్పేది. అలాంటి మనిషి గురించి కంప్యూటర్ల కంపెనీ నడిపే నేను రాయడం మీకు వింతగా ఉండొచ్చు. మా కంపెనీ నిలబడింది ఆవిడ కుదిర్చిన సంబంధాలతోనే, అందుకే రాస్తున్నాను.

మా పని ఏమిటో ఒక్క ముక్క చెబుతాను. ఆసుపత్రులకు, కాలేజీలకు, మిల్లులకు సొంతంగా కంప్యూటర్ల విభాగం పెట్టుకునే ఓపిక ఉండదు. నెలకింత అని మాట్లాడుకుని ఆ బాధ్యత మొత్తం మాకు అప్పగిస్తారు. వాళ్ళ సర్వర్లు, నెట్‌వర్కు, బ్యాకప్పులు అన్నీ మేమే కనిపెట్టుకుని ఉంటాం. పని దొరకడం కష్టం కాదు. పనిచేసే మనిషి దొరకడమే గగనం. డిగ్రీ పట్టాలు ఉన్నవాళ్ళు కోకొల్లలు, ఆగిపోయిన సర్వర్ ముందు చెమట పట్టకుండా కూర్చునేవాళ్ళు మాత్రం ఏ కొందరో. అలాంటివాణ్ణి ఏడాది పాటు తీర్చిదిద్దితే బెంగళూరు వచ్చి ఎగరేసుకుపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఎండాకాలం మధ్యాహ్నాలు పెద్దమ్మ మా ఆఫీసులోనే గడిపేది. సర్వర్లున్న గది తలుపు పక్కన కుర్చీ వేయించుకుని, "మిషన్లకు పెట్టినంత చల్లగాలి మా ఇంట్లో మనుషులకు లేదు పాపా" అంటూ వక్కలు నములుతూ కూర్చునేది. ఒకరోజు మా వాడొకడు రాజీనామా ఇచ్చి వెళ్ళాడు. నేను గొంతు చించుకుని అరుస్తుంటే ఆవిడ నిదానంగా వింది.

"పొయ్యేవాళ్ళ ఎనకాల పడి ఏంటికి కొట్టుకుంటావు? వచ్చేదానికి కాసుకొని ఉండేవాళ్ళు ఉండారు గదా" అంది.

"ఎవరున్నారు పెద్దమ్మా? నేను ప్రకటనలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయాను."

"నా దగ్గర ఉండారు. శానామంది ఉండారు. యాడా కుదరక మిగిలిపోయినోళ్ళు."

ఆవిడ లెక్క విన్నాక నాకు నవ్వాగలేదు. పెళ్ళిళ్ళ బజారులో బెంగళూరు ఉద్యోగం ఉన్న అబ్బాయికి గిరాకీ. "నేను అది వదిలేసి కడప పక్కకు వచ్చేస్తా" అన్నాడో, ఆడపిల్ల తండ్రులు మొహం తిప్పేసుకుంటారు. అమ్మాయిలదీ అదే కథ. "పెళ్ళయ్యాక కూడా నా ఉద్యోగం ఈ ఊళ్ళోనే" అంటే మగపెళ్ళివాళ్ళకు నచ్చదు. ఆవిడ దగ్గర చెల్లనివాళ్ళంతా నాకు బంగారమే. పని వచ్చినవాళ్ళు, పైగా ఇక్కడే ఉంటామని పట్టుబట్టినవాళ్ళు!

అలా మొదలైంది. "తెలివి ఎంతుండాదో నువ్వు చూసుకో. మనిషి ఎట్లాంటోడో నేను చెప్తా" అని పని పంచేసింది. ఆవిడ పంపినవాళ్ళకు మేము పరీక్ష పెట్టేవాళ్ళం. కావాలనే ఒక కంప్యూటర్‌ను పాడుచేసి ముందు పెట్టేవాళ్ళం. అందరూ నెగ్గలేదు. నెగ్గినవాళ్ళంతా నిలవనూ లేదు. ఒకతణ్ణి ఆవిడ ఆకాశానికెత్తి మరీ తెచ్చింది. కస్టమరు ఫోనులో ఒక మాట గట్టిగా అన్నాడని అతను వారం తిరక్కుండా బ్యాగు సర్దుకున్నాడు. నేను ఆవిడ మీద ఎగిరితే, "పెళ్ళిళ్ళలోనూ ఒకటీ అరా అట్లా పోయినాయిలే" అని తేలిగ్గా కొట్టిపారేసింది.

ఆవిడకు ఒక్క పట్టు ఉండేది. సంబంధం మాట్లాడేటప్పుడు లోపం ముందు చెప్పాలి. పిల్లవాడికి కోపం ఎక్కువైనా, అమ్మాయికి వంట రాకపోయినా, ఇంట్లో నీళ్ళకు ఇబ్బంది ఉన్నా, కాఫీ గ్లాసు చేతికి రాకముందే చెప్పేసేది. దానివల్ల చెడిపోయిన సంబంధాలు చాలా ఉన్నాయని ఆవిడే చెప్పేది. చెప్పి, "చెడిపోనీ" అనేది.

ఆ పట్టు ఏమిటో నాకు ఆసుపత్రి వ్యవహారంలో తెలిసొచ్చింది. మాకున్న కస్టమర్లలో ఊళ్ళోని ఒక పెద్ద ఆసుపత్రి ముఖ్యం. దాన్ని చూసుకునే మా సీనియరు, భార్యకు విశాఖకు బదిలీ కావడంతో వెళ్ళిపోతానన్నాడు. ఆసుపత్రివాళ్ళు మర్యాదగానే చెప్పారు. అతను వెళ్ళేలోగా అంతటి మనిషిని చూపిస్తే సరి, లేకపోతే చెన్నై కంపెనీకి ఇచ్చుకుంటామని. ఆసుపత్రి చేజారితే మా వాళ్ళలో సగం మందిని ఇంటికి పంపాల్సి వచ్చేది. నాకు అన్నం సహించలేదు.

"రాయచోటిలో ఒక పిల్లోడు ఉండాడు. ఇంట్లోనుంచే అమెరికావాళ్ళ సర్వర్లకు కాపలా కాస్తాండాడు. పద, చూసొద్దాం" అంది పెద్దమ్మ.

"ఫోనులో మాట్లాడొచ్చు కదా?"

"ఇల్లు చూడకుండా సంబంధం ఎట్లా మాట్లాడేది?"

పళ్ళు కొనిపించింది. నన్ను మంచి చీర కట్టుకోమంది. తప్పు అక్కడే జరిగింది. పళ్ళ బుట్టతో పెద్దమ్మ గడప తొక్కితే, పక్కన పట్టుచీరలో ఒక ఆడమనిషి ఉంటే, ఆ ఇంటివాళ్ళు మరింకేమనుకుంటారు? అబ్బాయికి సంగతి తెలుసు, కానీ అతను స్నానానికి వెళ్ళాడు. వాళ్ళమ్మ మాకు ఓళిగలు పెట్టింది, నెయ్యి వేసింది, ఇంట్లో కొత్తగా పరిపించిన బండలు చూపించింది, ఆపైన "మీ చెల్లెలు ఏం చేస్తాందమ్మా?" అని అడిగింది. మా చెల్లెలు సంగతి ఈవిడకెందుకా అనుకుంటూనే, కాలేజీలో పాఠాలు చెబుతుందన్నాను. వాళ్ళ నాన్న మొహం వెలిగిపోయింది. "ఫోటో తెచ్చినారా?" అన్నాడు. మా చెల్లెలికి అప్పటికే ఇద్దరు పిల్లలు.

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ తాపీగా రెండో ఓళిగ ముగించి, చెయ్యి కడుక్కుని చెప్పింది. "పిల్ల సంబంధం కాదప్పా, పని సంబంధం. ఈమెది కంప్యూటర్ల కంపెనీ. మీవాణ్ణి అడిగేదానికి వచ్చినాం."

వాళ్ళమ్మ నెయ్యి గిన్నె పక్కన పెట్టేసింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడే అబ్బాయి తల తుడుచుకుంటూ వచ్చి, మా అందరి మొహాలూ చూసి ఫక్కున నవ్వాడు. వాళ్ళమ్మ కూడా చివరికి నవ్వింది. "సరేలేమ్మా, పెట్టిన ఓళిగలు ఎట్లా తీసుకుంటాం" అంది.

మాటల్లో పడ్డాం. అబ్బాయికి పని వచ్చని నాకు కొద్దిసేపట్లోనే అర్థమైంది. ఎందుకు మారాలనుకుంటున్నావని అడిగాను. "ఏండ్ల నుంచీ రాత్రుళ్ళు మేలుకుంటాండానక్కా. పగలు బతకాలని ఉండాది" అన్నాడు. ఆసుపత్రి పనిలో వంతులవారీగా రాత్రి ఫోను దగ్గర పెట్టుకుని పడుకోవాలి. మోగితే లేవాలి. ఆ మాట చేరాక మెల్లగా చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

"ఈ పనిలో ఒక లోపముండాది నాయనా" అంది పెద్దమ్మ. "రాత్రి ఫోను మోగుతాది. ఆసుపత్రి గదా, పండగనీ పబ్బమనీ ఉండదు. ముందే చెప్తాండా."

అబ్బాయి మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆలోచించుకుని చెబుతానన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిణ్ణి నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. కొంప ముంచావన్నాను, నీకు పుణ్యముంటుంది ఇక మా ఆఫీసు గడప తొక్కకన్నాను. ఆవిడ కిటికీలోంచి టమోటా తోటలు చూస్తూ కూర్చుంది. కడప దగ్గర పడ్డాక ఒక్క మాట అంది. "దాచిపెట్టి కట్టబెట్టినావనుకో, వాడు ఆరునెల్లకు పోతాడు. పొయ్యేటప్పుడు నీ గురించి నాలుగూర్లలో చెప్పుకొని మరీ పోతాడు. ఇప్పుడు పోతే ఒగ పూట ఏడుస్తావు, అంతే గదా."

అబ్బాయి ఫోను చేశాడు. వస్తాను గానీ షరతులున్నాయన్నాడు. రాత్రి లేచిన మనిషికి మర్నాడు సెలవు ఇవ్వాలి. అది ఒప్పందంలో రాయాలి. ఇంకో ఇద్దరికి తాను పని నేర్పుతాడు, వంతులు పలచబడతాయి. ఇంకో మాట కూడా అన్నాడు. "రాత్రి మోగేవి చాలావరకు పగలు సరిచేసుకుంటే మోగవక్కా. ఆ పని నాకు వదిలెయ్యండి." నేను అన్నిటికీ ఒప్పుకున్నాను. అతను చేరిన ఏడాదికి రాత్రి ఫోను మోగడం అరుదైపోయింది. ఆసుపత్రి మాతోనే ఉంది. ఆ సెలవు నియమం అందరికీ పెట్టాక మా దగ్గర రాజీనామాలు తగ్గాయి. ఎవరైనా వెళ్ళినా, తమ స్నేహితుల్లో ఒకరిని మాకు అప్పజెప్పి వెళుతున్నారు. నాకు ఇంతకంటే ఏం కావాలి?

ఆఖరి రోజుల్లో పెద్దమ్మను చేర్చింది ఆ ఆసుపత్రిలోనే. చీటీ రాసే కౌంటరు దగ్గర కాస్త ఆలస్యమైతే చాలు, నాకు ఫోను చేసేది. "ఇది మీవాళ్ళ నిర్వాకమేనా?" అని. రాయచోటి అబ్బాయి డ్యూటీ దిగగానే వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చునేవాడు. అతనికి పిల్లను చూడలేకపోయానని ఆవిడకు దిగులు. మాకు కర్నూలులో కొత్తగా రెండు ఆసుపత్రుల పని వచ్చిందనీ, అక్కడికి మనుషులు కావాలనీ చెబితే మాత్రం కళ్ళు మెరిశాయి. "ఆత్మకూరు పక్క ఒక పాప ఉండాది. నేను మాట్లాడినా. శుక్రవారం పంపిస్తా" అంది. ఆ శుక్రవారం ఆవిడ చూడలేదు.

నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి వస్తుందని నేను అనుకోలేదు. పక్కింటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. నాకు పని మీద మనసు లేదు. కర్నూలు పని వదులుకుంటేనే నయమేమో అని కూడా అనిపించింది. ఇకమీదట మనుషుల్ని ఎవరు వెతికిపెడతారు? పరీక్ష పెట్టడం నాకు వచ్చు, ఒక గడప తొక్కి మాట కలపడం రాదు.

పదిన్నర బస్సుకు అమ్మాయి దిగింది. వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. షామియానా చూసి, సంగతి తెలుసుకుని, ముందు పక్కింటికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని ఆ తర్వాతే మా మెట్లెక్కారు. మా వాళ్ళు పాడుచేసి పెట్టిన కంప్యూటర్‌ను ఆ అమ్మాయి టీ చల్లారేలోగా బాగుచేసింది. తర్వాత నా గదిలోకి వచ్చి కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను.

"చూడమ్మా, ఈ పనిలో లోపాలున్నాయి. ముందే చెబుతున్నాను. రాత్రి ఫోను..."

"మోగుతాదని చెప్పింది మేడం. లేస్తే మర్నాడు సెలవని కూడా చెప్పింది. జీతం బెంగళూరంత రాదనీ చెప్పింది."

"ఇంకేమైనా చెప్పిందా?"

అమ్మాయి తలుపు అవతల ఉన్న తండ్రి వైపు ఒకసారి చూసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"మీకు కోపం జాస్తి అని చెప్పింది మేడం. అరుస్తాది, పట్టించుకోవాకు, మనసులో ఏమీ పెట్టుకోదు, మళ్ళీ గంటకు తానే వచ్చి అన్నం తిన్నావా అంటాది, నాకు కూతురు మాదిరి అని చెప్పింది."

నేను ఉద్యోగానికి వచ్చిన పిల్ల ముందు ఎప్పుడూ ఏడ్చినదాన్ని కాదు. ఆరోజు ఆపుకోలేకపోయాను. ఆ అమ్మాయి కంగారుపడలేదు. లేచి వెళ్ళిపోలేదు. నా బల్ల మీదున్న మంచినీళ్ళ సీసా తీసుకుని, మూత తిప్పి, నా వైపు జరిపి, నేను తాగేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.