కల్లంలో పట్టా తీసి కారుకు కప్పారు

నిన్న కొత్త కారులో మొదటిసారి వినుకొండ దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళాను. భోజనాల దగ్గర, చలి దేశాల్లో మంచుకు కారు రంగు పాడవకుండా పట్టా కప్పుతారనీ, వైపర్లు అద్దానికి అతుక్కుపోకుండా పైకి లేపి ఉంచుతారనీ నెట్‌లో చదివింది మామయ్య గారికి చెప్పాను. ఏదో మాటల సందర్భంలో చెప్పానంతే.

ఈ ఉదయం లేచేసరికి ఊరంతా మంచు. నా కారు మీద టార్పాలిన్ పట్టా, దాని కింద పైకి లేపిన వైపర్లు. పక్కనే కల్లంలో మిరపకాయలు ఏ కప్పూ లేకుండా తడిసి ఉన్నాయి.

"ఇదేంటండీ మామయ్య గారూ, కాయల మీద పట్టా తీసి కారుకు కప్పారా?"

"ఉన్నది ఒకటేగా బాబూ. కాయలదేముంది, ఎండొస్తే ఆరతాయి. కారు రంగు పోతే మళ్ళీ వచ్చిద్దా?"

తడిసిన కాయ తెల్లబడితే మిర్చి యార్డులో ఎవరూ అడగరని ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పెట్టాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం కాయల్ని పలుచగా పరిచి తిరగేస్తూనే ఉన్నాం. దేవుడి దయ వల్ల ఎండ బాగా కాసింది, కాయ దక్కింది.

సాయంత్రం గుంటూరు వచ్చాక కారు కడుగుతుంటే కనిపించింది. పట్టాకు అంటుకున్న ఇసుక రాసుకుని బానెట్ నిండా సన్నని గీతలు.

అవి పోవడానికి ఏం పూయాలో తెలిసినవాళ్ళు చెప్పండి. మామయ్య గారి చెవిన మాత్రం వేయకండి.