నాపరాళ్ల ఇంట్లో కంప్యూటరు

కంప్యూటర్లను పాడుచేసినవాళ్లు ఈ లోకంలో కోకొల్లలు. కాఫీ ఒలికించినవాళ్లు, చేతిలోంచి జారవిడిచినవాళ్లు, వైరస్ ఎక్కించినవాళ్లు అందరూ నాకు తెలుసు. కానీ కంప్యూటరుకు బండలతో ఇల్లు కట్టి, గృహప్రవేశం నాడే దాన్ని హరీమనిపించినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే అని నా గట్టి నమ్మకం. ఇంకెవరైనా ఉంటే దయచేసి ముందుకు రండి, కౌగిలించుకుంటాను.

మాది బేతంచెర్ల. నా పేరు మద్దిలేటి. మా నాయనకు నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉంది. రెండు వేల ఐదో ఆరో, నా డిగ్రీ అప్పుడే అయింది. నేను ఫ్యాక్టరీలో కూర్చోవాలని నాయన కోరిక. కర్నూల్లో కంప్యూటర్లు బిగించి అమ్మే షాపు పెట్టాలని నా కోరిక. నాయన స్నేహితుడు పుల్లయ్య శెట్టిగారికి కర్నూలు పాత బస్టాండు దగ్గర ఒక గది ఖాళీగా ఉండటంతో నా కోరికకు కాళ్లొచ్చాయి.

"మన ఫ్యాక్టరీకి బిల్లులు రాసే కంప్యూటరు ఒకటి నువ్వే బిగించి చూపియ్యప్పా," అన్నాడు నాయన. "శెట్టి గూడా వచ్చి చూస్తాడు. అది సక్కంగా పని చేస్తే ఆ గది నీది. చెయ్యకపోతే నోరు మూసుకోని మిషన్ కాడికి రావాల."

న్యాయమైన మాటే. బిల్లులు రాయడానికి ఎంత నాసిరకం కంప్యూటరైనా చాలు. బుద్ధిమంతుడైతే అదే కొని, గది తాళం పుచ్చుకుని, ఇప్పుడు హాయిగా కర్నూల్లో ఉండేవాడు. నాకు ఇంకో పిచ్చి ఉండేది.

ఆ పిచ్చి అంటించినవాడు నా డిగ్రీ స్నేహితుడు ఖాజా. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ డబ్బాలు ఉంటాయి కదా, వాళ్ల మామ దుబాయి నుంచి ఆ ఆటల సీడీలు తెచ్చాడు, డబ్బా తేవడం మరిచిపోయాడు. ఖాజా వాటిని తన గదిలో కంప్యూటరు మీద ఆడించాడు. ఆ డబ్బా లేకుండా ఆ డబ్బా ఆట ఎట్లా నడుస్తుంది? నాకు బుర్ర గిర్రున తిరిగింది.

"ఎమ్యులేటర్ అంటారు యార్," అన్నాడు ఖాజా గర్వంగా. "కంప్యూటరు ఆ డబ్బా వేషం ఏసుకుంటాది. ఆట దాన్ని చూసి, ఇది మన డబ్బానే అనుకోని నడుస్తాది."

"మోసపోతాదా?"

"పూరా మోసపోతాది!"

ఒక మిషను ఇంకో మిషను వేషం వేయడం! ఆ రోజు నుంచి నాకు తిండి సహించలేదు. ఆ వేషం ఎంతవరకు నిలుస్తుంది, ఎప్పుడు దొరికిపోతుంది, ఇదే ధ్యాస. నాయన ఇచ్చిన దుడ్లు జేబులో పెట్టుకుని ఖాజాతో కలిసి కర్నూలు షాపుల మీద పడ్డాను.

"ముందు ప్రాసెసరు చూడు మద్దీ. వేషమంతా ఏసేది అదే," అన్నాడు ఖాజా.

"పెద్ద గ్రాఫిక్స్ కార్డు వద్దా?"

"అది మేకప్ సామాను. నటుడే లేకుంటే మేకప్ ఎవరికి ఏస్తావ్?"

ఇది మాత్రం ఖాజా సరిగ్గానే చెప్పాడు. ప్రాసెసరు ఘనమైనది తీసుకున్నాం. అప్పట్లో ఆ రకం ప్రాసెసర్లకు ఒక పేరుండేది: పని బాగా చేస్తాయి, పొయ్యిలా కాలతాయి. దాన్ని కొనేసరికి మిగిలింది చూస్తే ర్యామ్ కొనాలా, ఇవన్నీ బిగించే క్యాబినెట్ కొనాలా అన్న స్థితి వచ్చింది.

"ఫ్యాన్లుండే క్యాబినెట్ తీసుకో. లేకుంటే ఇది మాడిపోతాది," అన్నాడు ఖాజా.

"క్యాబినెట్ సంగతి నాకొదిలెయ్. మా ఊర్లో దొరుకుతాది."

"బేతంచెర్లలో యాడ దొరుకుతాదిరా క్యాబినెట్?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా ఆలోచన ఏమిటో చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. మా సీమ ఎండల్లో, నిప్పులు కురిసే మధ్యాహ్నం వేళ, మా ఇళ్లల్లో మనిషి యాడ పడుకుంటాడు? మంచం మీద కాదు, నాపరాయి మీద. ఒళ్లు ఆనిస్తే ప్రాణం లేచొస్తుంది. మనిషినే చల్లబరిచే బండ ప్రాసెసరును చల్లబరచదా? పైగా మా ఫ్యాక్టరీలో గాలి కంటే బండపొడే ఎక్కువ. ఫ్యాన్లు పెడితే ఆ పొడినంతా లోపలికి లాక్కుంటాయి. కాబట్టి నాలుగు వైపులా బండలు, కింద బండ, మీద బండ, వెనక వైర్లు పోయేంత సందు. ఎంత గొప్పగా తోచిందంటే, కంప్యూటర్ కంపెనీలవాళ్లకు ఇంతకాలం ఈ సంగతి ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను.

పక్క బండలు జిగురుతో అతికించాను. మూత మాత్రం తీసి పెట్టుకునేలా వదిలాను. అద్దంలా పాలిష్ పట్టాను. చూసినవాళ్లంతా సమాధి అన్నారు. అసూయ అనుకున్నాను.

ఆరంభం రోజు నాయన, శెట్టిగారు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఖాజా కూడా వచ్చాడు. కొబ్బరికాయ కొట్టి, బిల్లు ఒకటి రాసి చూపించాను. చక్కగా వచ్చింది. శెట్టిగారు తలాడించారు. నాయన ముఖంలో ఓటమి కనిపించింది. గది తాళంచెవి నా చేతిలో పడటానికి ఒక్క మాటే బాకీ. ఆ మాట శెట్టిగారు అనలేదు. ఇంకో మాటన్నారు.

"బిల్లులేనా, ఇంకేమన్నా చేస్తాదా ఇది?"

ఖాజా నా కాలు తొక్కాడు. వద్దని తొక్కాడని నాకు తర్వాత తెలిసింది, అప్పుడు కానియ్యమన్నాడనుకున్నాను. ఖాజా సీడీల్లోంచి కార్ల పందెం ఆట పెట్టాను. శెట్టిగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. నాయన కీబోర్డు లాక్కున్నాడు. కారు ఎడమకు తిరిగితే ఆయన ఎడమకు ఒరిగాడు, కుడికి తిరిగితే శెట్టిగారి ఒళ్లో పడ్డాడు.

"జరుగు శెట్టీ, మలుపొచ్చింది!"

"నన్ను గుద్దితే మలుపు తిరుగుతాదా అప్పా?"

నాకు ఆనందం పట్టలేదు. వేషం నిలిచింది! ఆట మోసపోయింది! అంతలో ఆటలోని పాట సాగదీసినట్టు వినిపించింది. కారు నీరసపడింది.

"ఏమప్పా, లోడు లారీ ఘాటెక్కినట్ల పోతాండాది?" అన్నాడు నాయన.

భయపడాల్సిన చోట నాకు కుతూహలం పుట్టింది. ఇంతసేపు నిలిచిన వేషం ఇప్పుడెందుకు జారుతోంది? బండ మీద చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి చురుక్కుమని వెనక్కొచ్చింది. అప్పుడు వెలిగింది. నేల మీద పరిచిన బండ చల్లదనం ఆ నేలది. నేల లేని బండ, గాలి లేని బండ, లోపల పొయ్యి ఉన్న బండ... దాన్ని మా ఇళ్లల్లో పెనం అంటారు.

"నాయనా, బండ కాలిపోతాండాది!" అని అరిచాను.

ఇక్కడ మా ఊరివాళ్ల గురించి ఒక సంగతి చెప్పాలి. బండ కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు ఆగకుండా పడుతుండాలి. ఆగితే వేడికి బ్లేడూ పోతుంది, బండా పోతుంది. అందుకే మా ఫ్యాక్టరీల్లో పుట్టి పెరిగినవాడికి కాలిన బండ కనిపిస్తే ఆలోచన రాదు, చెయ్యి లేస్తుంది. నా చెయ్యి లేచింది. పక్కనే నీళ్ల బిందె. ఎత్తాను. పోశాను. ధార తెగకుండా, మూల నుంచి మూలకు, నాయన పనివాళ్లకు నేర్పినట్టే పోశాను.

"ఒద్దురా!" అని ఖాజా అరిచేసరికి మూత సందుల్లోంచి నీళ్లన్నీ లోపలికి దిగిపోయాయి. టప్పుమని ఒక శబ్దం. నీలం రంగు పొగ. ఫ్యూజు ఎగిరి బయట మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. శెట్టిగారు రెండు కాళ్లూ కుర్చీ మీదకు లాక్కున్నారు.

నాయన లేచి నా దగ్గరకు వచ్చాడు. "ఎవరు చెప్పినార్రా నీళ్లు పొయ్యమని?"

"ఎవరూ చెప్పలే నాయనా. చెయ్యి దానంతటదే లేసింది."

నాయన ముఖం వెలిగిపోయింది. నిజం చెబుతున్నాను, నేను డిగ్రీ పాసైన రోజు కూడా అట్లా వెలగలేదు.

"ఇన్నావా శెట్టీ? దానంతటదే లేసిందంట! పన్లోకొచ్చిన ప్రతివానికీ గొంతు పోయేట్ల అరిచి నేర్పిస్తాండా ఈ ముక్క. వీడికి చెప్పకుండానే వచ్చేసింది. ధార చూస్తివా, యాడన్నా తెగిందా? ఇట్లాంటోన్ని కర్నూలుకు పంపిస్తే నాకన్నా తిక్కోడు ఉంటాడా? నీ గది ఇంకెవరికన్నా ఇచ్చుకోప్పా!"

అట్లా నేను అడగని ఉద్యోగానికి పరీక్ష రాసి మొదటి ర్యాంకులో పాసయ్యాను. గది పోయినందుకు ఏడుపొచ్చింది. నాయన అంతగా మెచ్చుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి కావడంతో ఏడవడానికి మనసు రాలేదు.

మరుసటి పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తూర్పు తిరిగి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో కరెంటు వస్తువు ఏది కాలుతున్నా సరే, పొగ వచ్చినా సరే, మంట లేచినా సరే, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడి చూస్తాను తప్ప, మా నాయన ముందు మాత్రం పని తెలిసినవాడిలా ప్రవర్తించను.