నా వేళ్లు మెచ్చిన జాలీ

తప్పు నాదే. ముప్పై ఏళ్లుగా గుడ్డను వేళ్ల మధ్య నలిపి దాని మంచిచెడ్డలు చెబుతున్నవాణ్ణి, నా కడుపులో పెట్టే గుడ్డను కూడా అలాగే ఎంచాను.

గద్వాలలో గుంట మగ్గం మీద చీరలు నేయడం నా పని. గజ్జల్లో పేగు జారి, వనపర్తిలో ఒక దవాఖానలో ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. పేగు మళ్లీ జారకుండా లోపల వలలాంటి ముక్క ఒకటి కుడతారు. దాన్ని అక్కడ జాలీ అంటారు. డాక్టరమ్మ రెండు రకాలు చూపించి, రెండూ పనికొస్తాయి గాని మెత్తది మేలంది. నేను రెండింటినీ లాగాను, నలిపాను, వెలుతురుకు పట్టి చూశాను. గంజి పట్టించని నూలు మగ్గం మీద నిలవదని ఎరిగిన చేతులు నావి. బిరుసుదాన్నే మెచ్చాయి. పక్కన మా అక్క మొగుడున్నాడు. గట్టు ఊళ్లో సిమెంటు దుకాణం నడిపే మనిషికి గట్టితనం మీద తప్ప దేని మీద నమ్మకం ఉంటుంది?

"గట్టిదే ఏయించుకో బామ్మర్ది. మెత్తది ఏస్తే మల్ల చినిగి కూసుంటది," అన్నాడు.

నేత నాది, కోత డాక్టరమ్మది. మాట మాత్రం బావదే నెగ్గింది.

కుట్లు మానాయి. కానీ రెండు నెలలైనా గజ్జల్లో అట్టముక్క పెట్టి కుట్టినట్టే ఉండేది. వంగితే గుచ్చేది. గుంటలోకి దిగి కాళ్లు ఆడిస్తే లోపలేదో పట్టి లాగేది. సగం నేసిన చీర మీద దుమ్ము పడకుండా పాత పంచె కప్పాను. నిద్ర లేవగానే అక్కడ ఒత్తి చూసుకోవడం అలవాటైంది.

"అన్నం ఉడికిందా లేదా అని చూసినట్టు ఏందది, గడియకోసారి ఒత్తుకునుడు?" అంది మా ఆవిడ. "పోయి డాక్టరమ్మను అడుగు. అడగనీకి భయమా?"

భయమే. జాలీ తీసేయాలంటుందేమోనని. తీస్తే మళ్లీ కోత, మళ్లీ పడక. ఆ తర్వాత గుంటలో కూర్చోగలనో లేదో.

చివరికి పోయాను. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, చీము లేదంది.

"మీరు గుడ్డను ఎట్ల చూస్తరో, మీ ఒంట్ల కాపలా కణాలు గూడ గట్లనే చూస్తయి," అంది. "వాటికి కండ్లు లేవు, తడిమి చూస్తయి. కండ లెక్క మెత్తగ తగిల్తే కొన్నాళ్లు కొట్లాడి నిమ్మళమైతయి, గాయం మాన్పే పనిల పడ్తయి. బిర్రుగ తగిల్తే కోపం తొందరగ దిగదు. దాని చుట్టూ గట్టి పొర పేరుస్తయి. ఆ పొర బిగుసుకుంటది, లాగుతది. గట్టిదనం ఒక్కటే కారణమని చెప్పలేం, అది గూడ ఒకటి."

"తీయాల్నా మేడం?"

"ఇప్పుడే వద్దు. మూడు నెలలు చూద్దాం. తగ్గకుంటే అప్పుడు ఆలోచిద్దాం."

బస్సు గద్వాల చేరేదాకా అదే ధ్యాస. కణాలూ నావే, వేళ్లూ నావే. ఒకే గుడ్డను తడిమి వేళ్లు భేష్ అన్నాయి, కణాలు ఛీ అన్నాయి. జాలీ దొరికింది గాని వాటికి జాలి కలగలేదు. అలిగిన చుట్టాన్ని బతిమాలినట్టు, స్నానం చేస్తూ గజ్జల మీద చెయ్యి పెట్టి "జర శాంతించండి" అన్న రోజులున్నాయి. బావ మాత్రం వారానికోసారి ఫోన్ చేసేవాడు. "ఏం బామ్మర్ది, గట్టిగున్నవా?" అని నవ్వేవాడు.

డాక్టరమ్మ పెట్టిన గడువు మూడో నెలలో ఒక ఉదయం చెప్పుల కోసం వంగి లేచాక, ఏమీ గుచ్చలేదన్న సంగతి తట్టింది. నమ్మకం కుదరక ఇంకో నాలుగుసార్లు వంగాను. పూర్తిగా పోలేదు, ఇప్పటికీ చలికి బిగుస్తుంది. కానీ డాక్టరమ్మ ఇక తీయక్కర్లేదంది.

మళ్లీ గుంటలోకి దిగాను. సగంలో ఆగిన ఆ చీర పూర్తయి, కొత్త పడుగు అతికే రోజున బావ వచ్చాడు. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలేసి కలపాలి. ఎవరైనా ఎదురుగా కూర్చుని బిగువు తగ్గకుండా పోగులు పట్టుకుంటే పని సాఫీగా సాగుతుంది.

"జర పట్టుకో బావా," అని ఆయన చేతికిచ్చాను. "వదిలితే మొత్తం చిక్కు పడ్తది."

పోగులు వేలల్లో ఉంటాయని చెప్పలేదు. ఆయన రెండు చేతులూ బిగిశాక, డాక్టరమ్మ చెప్పిన కణాల సంగతి మొదటినుంచి మొదలుపెట్టాను. తడుముడు, కోపం, పొర, ఒక్కటీ వదల్లేదు.

"దుకాణం కాడికి లారీ వస్తది బామ్మర్ది," అన్నాడు రెండుసార్లు.

"అయిపోవచ్చింది బావా," అన్నాను. అప్పటికి ఒక అంచు పోగులు కూడా అతకడం కాలేదు.