గట్టు మీద పెట్టిన మాట

"దాదాపు" అనే మాట నాకు పడదు. ఎనిమిదింటికి వస్తానన్న ఆటో అతను ఎనిమిదింబావుకు వచ్చి "దాదాపు ఎనిమిదే గదమ్మా" అంటే ఆ పూట నాకు టిఫిను రుచించదు. హనుమకొండలో ఆడపిల్లల కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఆ సబ్జెక్టు కోరి తీసుకున్నవాళ్లు తక్కువ. ఇంకెక్కడా సీటు దొరకనివాళ్లు వచ్చేవారు, వచ్చాక బాగానే కుదురుకునేవారు.

ఏటా ఒక రోజు మాత్రం నా క్లాసు చేపల బజారయ్యేది. ఆ రోజు బోర్డు మీద ఒకే ఒక్క వాక్యం రాసేదాన్ని: "ఈ బోర్డు మీది వాక్యం అబద్ధం." ఇది నిజమా, అబద్ధమా? నిజమంటే, అది చెప్పినట్టే అబద్ధమైపోతుంది. అబద్ధమంటే, తను చెప్పింది సరిపోయింది కనుక నిజమైపోతుంది. పిల్లలు రెండు పార్టీలై కొట్లాడుకునేవారు. ఒకసారి పరకాల వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, దీన్ని నిజం చేన్ల వేస్తే అబద్ధం చేన్లకు దుంకుతాంది. ఆడ వేస్తే ఈడికి దుంకుతాంది. తీసి గట్టు మీద పెట్టుండ్రి, లొల్లి పోతది."

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. "గట్టు ఉందమ్మా. పెద్ద పెద్ద పండితులే దాని మీద కూర్చొని ఆలోచించారు. కానీ పరీక్షలో గట్టుకు మార్కుల్లేవు" అన్నాను.

మొన్నటి మేడారం జాతరకు ముందు ఆ గట్టుతో నాకే పని పడింది.

వరంగల్‌లో మా పుట్టింటివాళ్లది బెల్లం దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. తమ్ముళ్లు ఇద్దరు, కాబట్టి మరదళ్లూ ఇద్దరే. పెద్ద మరదలికి నోరు ఎక్కువ, చిన్న మరదలికి రోషం ఎక్కువ. అయినా చిన్నామె పెళ్లై వచ్చిన నాటి నుంచి ఇద్దరిదీ ఒకటే పొయ్యి. పప్పులో ఉప్పెంతో పెద్దామె చెప్పాలి, పెద్దామెకు బీపీ గోళీ చిన్నామె ఇవ్వాలి. ఇద్దరి పంచప్రాణాలూ ఒకే చోట ఉన్నాయి: పెద్దామె కొడుకు కూతురు, ఒకటో తరగతి పిల్ల.

వానాకాలంలో ఆ పిల్లకు డెంగీ వచ్చింది. దవాఖాన వరండాలో కూర్చొని చిన్న మరదలు తన ఎత్తు బంగారం ఇస్తానని మేడారం తల్లులకు మొక్కింది. మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషి ఎంత తూగితే అంత బెల్లం తల్లుల గద్దెల దగ్గర సమర్పిస్తారు. "ఆమె తన ఎత్తు బంగారం ఇచ్చింది" అన్న మాట మేడారంలో పచ్చి నిజం, నగల దుకాణంలో పచ్చి అబద్ధం. పాఠం చెప్పే రోజుల్లో ఈ ఉదాహరణ నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేదో.

పిల్ల కోలుకుంది, జాతర దగ్గరికొచ్చింది. చిన్న మరదలు దుకాణంలో బస్తాలు తూచే కాంట ఎక్కింది. ఎక్కి, పక్కనున్న తలుపు చౌకట్టు పట్టుకుంది. అట్లా పట్టుకుంటే బరువు కొంత చౌకట్టుకు పోయి, కాంట తక్కువ చూపిస్తుంది. పెద్ద మరదలు కొనడానికొచ్చిన గిరాకీల ముందే అరిచింది.

"చెయ్యి తియ్యి చెల్లె! తల్లులకే దొంగ తూకమా?"

"మోకాలు గుంజుతాంది అక్కా. పట్టుకోకుంటే పడ్త."

"మోకాలు గుంజితే తూకం ఎందుకు తగ్గాలె?"

చిన్న మరదలు దిగిపోయింది. "నలుగురి ముందట నన్ను దొంగను జేసినవు. ఇగ ముందుగాల నేను నీతోని మాట్లాడితే మనుమరాలి మీద ఒట్టు!"

"ముందుగాల నేను మాట్లాడితే నాకు గూడ గదే ఒట్టు!"

అనేశాక ఇద్దరూ నాలుక కరుచుకున్నారు. జబ్బు నుంచి ఇప్పుడే లేచిన పిల్ల మీద ఒట్టు. తప్పితే పిల్లకేమవుతుందోనని ఇద్దరికీ భయం. పైగా దొంగ అన్న నోటితోనే దొంగ కాదని అనేదాకా కాంట ఎక్కనని చిన్నామె పట్టుబట్టింది. పెద్దామె ఆ మాట అనాలంటే ముందు నోరు తెరవాలి. తెరిస్తే ఒట్టు తప్పుతుంది. తెరవకపోతే పిల్ల కోసం మొక్కిన మొక్కు తప్పుతుంది. పెద్ద తమ్ముడు నాకు ఫోన్ చేసి, "అక్కా, నీ లాజిక్ ఏందో పట్టుకొని జర తొందరగ రా" అన్నాడు.

నేను వెళ్లేసరికి వంటింట్లో చిన్న మరదలు గోడతో మాట్లాడుతోంది. "గోడా, పప్పు మాడుతాందని పెద్దమనిషికి చెప్పు."

పెద్ద మరదలు అదే గోడకు జవాబిచ్చింది. "గోడా, మాడితే దించుమను, చేతుల్లేవా?"

"ఇది మాట్లాడుకోవడం కాదా?" అని అడిగాను.

"కాదు వదినె. మేము గోడతోని మాట్లాడ్తానం" అన్నారు ఇద్దరూ నాతో, ఒక్క గొంతుతో.

"అయితే దొంగ కాదన్న మాట కూడా గోడకే చెప్పొచ్చు కదా?"

"గోడకు చెప్తే గోడకే చెందుతది. నాకెట్ల చెందుతది?" అంది చిన్న మరదలు. ఆ వాదన తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అంటే ఒట్టు పోతుందని చిన్నప్పటి నుంచి అందరికీ తెలిసిందే. అది అనమన్నాను. చిన్నామె తల అడ్డంగా ఊపింది. "గట్టు మీద పెట్టుమని అక్కతోని అనాలంటే ముందుగాల అక్కతోని మాట్లాడాలె గదా వదినె?" ఒట్టు పోవాలంటే మాట్లాడాలి, మాట్లాడాలంటే ఒట్టు పోవాలి. తాళంచెవి పెట్టెలోనే పెట్టి పెట్టెకు తాళం వేసినట్టుంది.

"నేను దానితోని మాట్లాడ్తలేనని దానికి నువ్వే చెప్పు వదినె" అంది పెద్ద మరదలు.

"అది నువ్వే ఆమెతో అన్నావనుకో, అన్న క్షణంలోనే అబద్ధమవుతుంది" అని వివరించబోయాను.

"విన్నవా గోడా? సదువుకున్నోళ్లకు గిదే పని" అంది చిన్న మరదలు.

అప్పుడు నాకు ఉపాయం తట్టింది. ఒట్టు "ముందుగాల" అన్న మాట మీద ఉంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరూ ముందు కాదు, ఎవరి ఒట్టూ తప్పదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మూడు అనగానే చెరొక మాట అనమన్నాను. ఒకటి, రెండు, మూడు. చప్పుడు లేదు. అవతలి నోరు తెరుచుకుందో లేదో చూసి తెరుద్దామని ఇద్దరూ ఆగారు. మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి రెండు నోళ్లూ తెరుచుకున్నాయి, మాట మాత్రం ఎందులోంచీ రాలేదు. మనుమరాలు పకపకా నవ్వి, "చేపల లెక్కనే ఉన్నరు నానమ్మలు" అంది.

ఓడిపోయి, తినడానికి ఏమన్నా పెట్టమన్నాను. పెద్ద మరదలు మేడారానికి తీసిపెట్టిన బస్తా పక్కనున్న వేరే ముద్దలోంచి ఇంత బెల్లం గిల్లి నాకిచ్చి, తానూ నోట్లో వేసుకుంది. వేసుకున్న బెల్లం గొంతులో అడ్డం పడింది. పొలమారింది. కళ్లు ఎర్రబడి దగ్గు ఆగడం లేదు. నేను లేచేలోపే చిన్న మరదలు పరుగెత్తుకొచ్చి, నడినెత్తిన తట్టుతూ, "ఎవలో యాది జేస్తాండ్రు, ఎవలో యాది జేస్తాండ్రు" అంది.

దగ్గు ఆగింది. నెత్తిన చెయ్యి అట్లనే ఉండిపోయింది. అప్పుడు చిన్న మరదలికి ఒట్టు గుర్తొచ్చింది. మనుమరాలిని లాక్కొని ఒళ్లో పెట్టుకుంది.

"వదినె, నేను మాట్లాడిన్నా? నిజం చెప్పు. నువ్వు అబద్ధమాడవు."

పెద్ద మరదలు కూడా కొంగుతో మొహం తుడుచుకుంటూ నా వైపే చూసింది. ఊరడించడానికైనా నేను అబద్ధమాడనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే భయంగా చూస్తున్నారు.

ఆలోచించాను. పొలమారినవాళ్లతో ఎవరో తలుచుకుంటున్నారని అంటాం. ఎవరు తలుచుకుంటున్నారో అన్నవాళ్లకు తెలియదు, విన్నవాళ్లు అడగరు. నిజమని ఎవరూ నిరూపించరు, అబద్ధమని ఎవరూ కొట్టిపారెయ్యరు. తరతరాలుగా దగ్గుకు జవాబుగా వస్తున్న మాట అది.

"అది మాట్లాడినట్టూ కాదు, మాట్లాడనట్టూ కాదు. ఈ చేనుదీ కాదు, ఆ చేనుదీ కాదు. గట్టు మీది మాట" అన్నాను. అన్నాక లోపల మరోసారి సరిచూసుకున్నాను. నేను ఆడింది అబద్ధం కాదు.

పెద్ద మరదలు చిన్నామె వైపు తిరిగింది. "అట్లయితే ఒట్టు గూడ తీసి గదే గట్టు మీద పెట్టు చెల్లె. నువ్వు దొంగవు గాదు. నాదే పాడు నోరు."

"అక్కా, నువ్వు ముందుగాల మాట్లాడినవు!" అని చిన్నామె మళ్లీ హడలిపోయింది.

"నీది మాటైతే నువ్వు ముందు. నీది మాట గాకుంటే నేను ముందు. ఏది ఖాయమో మన పంతులమ్మకే తెల్వదట. ఇగ ఒట్టుకేం తెలుస్తది, ఎవలి మీద పడాలెనో?"

దీనికి క్లాసులోనైతే నేను వంద ఆక్షేపణలు చెప్పేదాన్ని. ఆ రోజు ఒక్కటీ చెప్పలేదు.

మేడారం బస్తా పట్టుకొని అందరం కిందికి దిగాం. చిన్న మరదలు కాంట ఎక్కింది. చెయ్యి అలవాటుగా చౌకట్టు వైపు పోయింది. ఈసారి పెద్ద మరదలు అరవలేదు. చౌకట్టుకు అడ్డంగా వెళ్లి నిలబడి తన భుజం ఇచ్చింది. చౌకట్టుకు పోయిన బరువే భుజానికీ పోతుంది. కాంట మళ్లీ తక్కువే చూపించింది.

"తూకం తప్పు" అన్నాను. ఉండబట్టలేకపోయాను.

"తప్పు గాదు, ఒప్పు గాదు వదినె" అంటూ పెద్ద మరదలు రెండో చేత్తో ఒక బెల్లం ముద్ద తీసి బస్తాలో వేసింది. కాసేపు ఆలోచించి ఇంకొకటి వేసింది.

ఆ ఇంట్లో మొక్కుల తూకం క్యాలెండరు మీద ఎప్పుడూ నేనే రాస్తాను. పెన్ను తీసి, ఎన్ని కిలోలని రాయమంటారని అడిగాను.

చిన్న మరదలు అక్క భుజం మీంచి చెయ్యి తీయకుండానే నవ్వింది. "దాదాపు అని రాయి వదినె. తల్లులకు ఎరుకనే."