ప్రమీలారాణి రాయని మాట

చిల్లకల్లు రత్తయ్య కూతురు ప్రమీలారాణి పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే తప్పింది. సెప్టెంబరులో అది గట్టెక్కితే నర్సు ట్రైనింగుకి పంపిస్తానని రత్తయ్య మాటిచ్చాడు. మళ్ళీ తప్పితే చదువు కట్టిపెట్టి మిరపతోటకి పోవలసిందే.

నందిగామలో స్తెఫను మాస్టారు ట్యూషన్ చెప్పేవారు.

"గ్రామరు ఇప్పుడు నీకెక్కదు గానీ, వ్యతిరేక పదాలు పట్టుకో అమ్మాయ్. అవే నిన్ను ఒడ్డున పడేస్తాయి," అన్నారాయన.

ప్రమీలకి ఆ మాటలు ఇట్టే పట్టుబడ్డాయి. బియ్యంలో రాళ్ళేరుతూ హాట్, కోల్డ్ అనుకునేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని రిచ్, పూర్ అనుకునేది. గొణుగుడే తప్ప గొంతు పైకొచ్చేది కాదు.

పరీక్ష దగ్గరపడుతుండగా రత్తయ్య నెత్తురు కక్కుకుని పొలంలో కూలబడ్డాడు. అమ్మ ఆయన్ని బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఇంట్లో ప్రమీల, నాయనమ్మ దుర్గాంబ మిగిలారు.

దుర్గాంబ ఇంట్లో చెడ్డమాట పలకనివ్వదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం ఆరితే కొండెక్కిందనాలి. గడప దాటేవాళ్ళు వెళ్తానంటే ఊరుకోదు, వెళ్ళొస్తాననేదాకా వెనక్కి పిలుస్తుంది. ఆ సాయంత్రం ఒత్తి వెలిగిస్తూ మనవరాలి గొణుగుడు వింది.

"డెడ్డంటే ఏంటే?"

"చచ్చినవాడని నాయనమ్మా."

"నీ నోట్లో మన్నుపడ! అయ్య ఆస్పత్రిలో ఉంటే దీపాల వేళ ఆ మాటా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారే!"

"ఇంగ్లీషులోనేగా అన్నా."

"వాళ్ళకి ఇంగ్లీషు రాదని నీకెవరు చెప్పారే?"

ప్రమీలకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒళ్ళు జలదరించింది.

పరీక్ష రోజు వ్యతిరేక పదాల్లో మొదటి మాటే అలైవ్. దాని కింద బర్త్. ఆ కింద అరైవ్. జవాబులు మూడూ తెలుసు, మూడూ పోవడం గురించిన మాటలే. కలం ఆనించేసరికి ఆస్పత్రి మంచం మీది నాన్న కళ్ళలో మెదిలాడు. నోటి మాటకే తథాస్తు అనేవాళ్ళు, తన నంబరు వేసిన కాగితం మీద తన చేత్తో రాసిస్తే ఊరుకుంటారా? ఆ మూడూ ఖాళీగా వదిలేసింది.

రత్తయ్య బతికొచ్చాడు. సగం మనిషై వచ్చాడు. ఆ రెండు మూడు మార్కుల తేడాతోనే ప్రమీల మళ్ళీ తప్పింది.

ఫలితాలొచ్చిన రోజు వంటింట్లో ఆ మూడూ వదిలేసిన సంగతి నాయనమ్మకొక్కదానికే చెప్పుకుంది. దుర్గాంబ చాలాసేపు ఆమె తల నిమిరింది.

"మంచి పని చేశావే తల్లీ. ఎవరితోనూ అనకు. మొక్కు బయటపెడితే ఫలం పోద్ది."

ఆ తర్వాత పరీక్ష ఫీజు కట్టే గడువు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాస్తావా అని అమ్మ అడిగేది. "నాకు రాదులేమ్మా," అనేది ప్రమీల. నాన్న దగ్గు పక్కగదిలోంచి వినిపిస్తూనే ఉండేది. ఆ దగ్గు వినిపించినన్నాళ్ళూ ఆ మాట రాయలేనని ఆమెకి తెలుసు.

మిరపకోతల రోజుల్లో ఓసారి వత్సవాయి నుంచి బంధువు కుటుంబరావు పలకరించడానికొచ్చాడు. ప్రమీల చావడిలో మిరపరాశి ముందు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది.

"అమ్మాయిని నర్సు చేస్తానంటివి గదా బావా?"

"ఏం చేసేది బావా," అన్నాడు రత్తయ్య మంచం మీంచి. "ఆస్తంతా రాసిచ్చినా దీని బుర్రకి ఇంగ్లీషెక్కదు. మొద్దు."

ప్రమీల తలెత్తి, దీపం దగ్గరున్న నాయనమ్మ వంక చూసింది. దుర్గాంబ చూపు తిప్పుకుని కుందిలో నూనె పోసింది.

రత్తయ్యకి దగ్గు తెర వచ్చింది. ప్రమీల కారపు చేతులు కడుక్కుని మంచినీళ్ళు తెచ్చి, తాగేదాకా ఆయన వీపు రాస్తూ నిలబడింది.